తొర్రూరు కబురు

మా తమ్ముడి చేతుల మీద నాకు చిన్నప్పటి నుంచీ కన్ను. చూడ్డానికి అవి గొప్ప చేతులేమీ కావు. పొట్టి వేళ్లు. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో తలుపు సందున పడి నల్లబడింది, అలాగే ఉండిపోయింది. కానీ ఆ చేతులతో అమ్మవారికి చీర కడితే కుచ్చిళ్లు ఒద్దికగా నిలబడతాయి. అదే చీర, అదే అమ్మవారు, నేను కడితే మాత్రం ఆవిడ బస్సు తప్పిపోతుందని హడావిడిగా బయల్దేరినట్టు ఉంటుంది. నేర్పింది ఇద్దరికీ మా బాపే. ఒకే గుళ్లో, పక్కపక్కన నిలబెట్టి నేర్పాడు. తేడా ఎక్కడ వచ్చిందో యాభై దాటినా నాకు అంతు చిక్కలేదు.

మాది కొత్తవాడలో, జంపఖానాలు నేసే వాళ్ల ఇళ్ల నడుమ ఉన్న చిన్న అమ్మవారి గుడి. గుడి వాళ్లది, పూజ మాది. మా తాత కాలం నుంచీ అంతే. బాపు పోయాక అన్నదమ్ములం వంతులు పెట్టుకున్నాం. ఒక నెల నాది, ఒక నెల వాడిది. నా నెలలో ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, పరీక్షల ముందు పిల్లలు వస్తారు. వాడి నెలలో హన్మకొండ నుంచి కూడా జనం వస్తారు. అలంకారం చూసి అబ్బా అంటారు, ఫోన్లు తీసి ఫొటోలు పట్టుకుంటారు. ఒకసారి నేత ఇళ్ల ముసలమ్మ ఒకావిడ గడప దగ్గర నన్ను చూసి ఆగిపోయింది.

"ఈ నెల చిన్నయ్యగారిది కాదా?"

"కాదమ్మా, నాదే."

"అట్లనా?" అని నా భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది. "సరే తియ్యి. లోపలున్నది ఆ తల్లే గద."

అలా అమ్మవారి మొహం చూసి నన్ను భరించింది. ఆ రోజు హారతి పళ్లెం ఆవిడ ముందు కాస్త తొందరగానే తిప్పేశాను. ఒప్పుకుంటున్నాను.

నేను కుళ్లుబోతుని అని నాకు ఎనిమిదో ఏటే తెలుసు. దేవుడికి కోసిన పువ్వును వాసన చూడకూడదని బాపు నియమం. వాసన చూస్తే అది మనం వాడేసుకున్న పువ్వే, ఇక దేవుడికి పనికిరాదు. ఒక పొద్దున మా తమ్ముడు మల్లెల బుట్టలో ముక్కు పెట్టి ఇంత గాలి పీల్చాడు. వాడికి ఆరేళ్లు. నేను పరుగున పోయి బాపుకి చెప్పేశాను. బాపు వాడిని ఏమీ అనలేదు, బుట్ట మొత్తం చెట్టు మొదట్లో గుమ్మరించి మళ్లీ కోసుకురమ్మన్నాడు. వాడు ఎండలో కళ్లు నులుముకుంటూ కోస్తుంటే నేను అరుగు మీద కూర్చుని చూశాను. నాకు చాలా హాయిగా ఉంది. ఆ తరవాత వాడి మీద చాలా చాడీలు చెప్పాను. ఒక్కటీ కల్పించి చెప్పలేదు. అన్నీ నిజాలే. అందుకే బాపు కూడా నన్ను తిట్టలేకపోయేవాడు.

వాడికీ ఒక అవకాశం వచ్చింది. నవరాత్రుల్లో ఒక రోజు, ఇంకా నైవేద్యం పెట్టని దద్దోజనంలోంచి నేను ఒక జీడిపప్పు తీసి నోట్లో వేసుకున్నాను. తలెత్తితే వాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పువ్వు వాసన చూడటం దీని ముందు ఏపాటి? వాడు చెబుతాడని వారం రోజులు ఎదురుచూశాను. చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు. చెప్పి ఉంటే ఇద్దరం సమానమయ్యేవాళ్లం, నాకు కాస్త ఊపిరాడేది. అది కూడా వాడే గెలిచాడు.

ఇక్కడ మైల సంగతి చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. మా దాయాదుల్లో ఎవరైనా పోతే మాకు పది రోజుల మైల. ఆ పది రోజులూ గుడి గడప తొక్కకూడదు, అమ్మవారిని ముట్టుకోకూడదు. మైలలో ఉన్నవాడిని తాకితే మడిలో ఉన్నవాడి మడి పోతుంది. అయితే మనిషి పోయిన కబురు చెవిన పడనంత వరకు మైల లేదు. ఇంకొకటి, ఉత్సవానికో ప్రతిష్ఠకో దీక్ష పట్టి చేతికి కంకణం కట్టుకున్నాక, ఆ కార్యం ముగిసే దాకా ఏ కబురు విన్నా మైల అంటదు. ఇదంతా బాపు చెబుతుంటే నేను అడిగాను.

"మరి చెవులు మూసుకుంటే, బాపూ?"

"మూసుకోరా, సూద్దాం ఎంతసేపు మూసుకుంటవో" అని నవ్వాడు.

మూడేళ్ల కింద వాడకట్టు వాళ్లు, అంటే చుట్టుపక్కల నేత ఇళ్ల వాళ్లంతా, ఒక కమిటీ వేసుకుని గుడి బాగు చేయించారు. పాత విగ్రహం అభిషేకాలకు అరిగి అరిగి అమ్మవారి ముక్కు చదునైపోయింది. కొత్త విగ్రహం చెక్కించారు. కొత్త విగ్రహానికి కళ్లు శిల్పి పూర్తిగా తెరవడు. మూడు రోజుల ప్రతిష్ఠలో, నీళ్లలో, ధాన్యంలో పడుకోబెట్టి లేపాక, దీక్షలో ఉన్న అర్చకుడు తేనె, నెయ్యి అద్దిన బంగారు సూదితో ఆ కళ్ల గీతలు దిద్దుతాడు. అప్పటిదాకా అది రాయి. ఆ గీత పడ్డాక అమ్మవారు. బతుకంతా ఆవిడకు నీళ్లు పోసి, బట్ట కట్టి, అన్నం పెట్టేవాడికి ఆ ఒక్క పని చేయాలని ఎంత ఉంటుందో బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మా తాతకు దొరకలేదు, బాపుకి దొరకలేదు. ఒక గుడికి ఇలాంటిది తరానికోసారి కూడా రాదు. పెద్దవాడిని కనుక నాకే అనుకున్నాను.

కమిటీ పెద్ద మా వీధిలోనే జంపఖానాలు నేస్తాడు. పని మీద పోతుంటే మగ్గం గుంతలోంచే పిలిచాడు.

"పెద్దయ్యగారూ, మీరు జర ఏమనుకోకుండ్రి. అమ్మవారి కండ్లు తెరిపిచ్చుడు చిన్నయ్యగారి చేతుల మీదుగ అయితే బాగుంటదని వాడకట్టంత అంటాన్రు."

"నేనేమనుకుంట? ఎవరు చేస్తే ఏంది, అమ్మవారి పనే గద."

"గంతే గద! మీ మనసు పెద్దది అయ్యగారూ."

ఆ పెద్ద మనసు మోసుకుంటూ ఇంటికి పోయి, కంచం ముందు కూర్చుని, రెండో ముద్దకే లేచిపోయాను. కడుపు మండిపోతుంటే అన్నం ఎక్కడ దిగుతుంది? మా ఆవిడతో చెబితే ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడ చెయ్యి కడుక్కుంటూ, "మీరు మంత్రం చదువుతాంటే బస్టాండ్ల బస్సుల పేర్లు చెప్పినట్టే ఉంటది. వాళ్లనని ఏం లాభం?" అంది. ప్రతిష్ఠలో నాకు పడ్డ పని నైవేద్యాలు వండటం. సూది తమ్ముడికి, గరిటె నాకు.

ప్రతిష్ఠ మొదటి రోజు పొద్దున ఎనిమిదిన్నరకు కంకణాలు కట్టే ముహూర్తం. ఆరున్నరకే గుడి దగ్గరికి చేరాను. పందిరి కింద హోమగుండాలకు ముగ్గులు పెడుతున్నారు. హన్మకొండ నుంచి వచ్చిన పెద్ద ఆచార్యులు, ప్రతిష్ఠ నడిపించేది ఆయనే, పీట మీద కూర్చుని పసుపు దారాలు పేనుతున్నాడు. మా తమ్ముడు మాత్రం పందిట్లో లేడు. వీధికి అవతల, కమిటీ పెద్ద ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల తడిగా ఉంది. పని చేసేవాళ్లంతా చేస్తుంటే వీడు పెళ్లికొడుకులా అరుగెక్కి కూర్చున్నాడేమిటని నాకు ఒళ్లు మండింది.

నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"అన్నయ్యా, నీ ఫోన్ జర ఇయ్యి. నా దాంట్ల ఛార్జింగ్ లేదు."

నేను ఫోన్ తీసి చెయ్యి చాపాను. వాడు చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు.

"చేతికొద్దు. ఆడ అరుగు మీద పెట్టు."

ఆ వెనక్కి వేసిన రెండడుగులతో నన్ను చెంప మీద కొట్టినట్టయింది. నేనింకా స్నానం చేయలేదు నిజమే. అయినా తోడబుట్టినవాణ్ని, నన్ను తాకితే వీడి మడి మైలపడుతుందా? ఇంకా కంకణమే పడలేదు, అప్పుడే ఇంత పవిత్రమా? ఫోన్ ఠక్కున అరుగు మీద పడేశాను. వాడు దాన్ని తీసుకుని, నా కళ్లలోకి చూడకుండా చెప్పాడు.

"నువ్వు పొయ్యి స్నానం చేసి మడి కట్టుకో. ఎవ్వరితోని మాట్లాడకు. సీదా పందిట్లకు పో. ఆచార్యులు నీ కోసమే చూస్తాన్రు."

చిన్నవాడు, నాకు పని పురమాయిస్తున్నాడు! ఆచార్యులు నా కోసం చూడటం దేనికి, వంట ఆలస్యమవుతుందని కాబోలు అనుకున్నాను. ఇంకెవరైనా అయితే అక్కడికక్కడే అనుమానపడి ఉండేవారు. నాకు అనుమానం రాలేదు. నాకు వాడి మీద కోపం తప్ప ఆ పొద్దున ఇంకేమీ కనబడలేదు.

గుడి వెనక నల్లా దగ్గర స్నానం చేసి తడిపంచె చుట్టుకున్నాను. తడిబట్టతో వణుకుతూ మంత్రం చెప్పుకుంటూ వస్తున్నాను. అంత నిష్ఠగా మడి కట్టుకుని చాలా ఏళ్లయింది. లోపల అంత కుళ్లు కూడా ఎప్పుడూ లేదు. అరుగు ముందుకి వచ్చేసరికి దాని మీద నా ఫోన్ మోగుతోంది. తమ్ముడు అక్కడ లేడు, సందు మలుపులో కమిటీ పెద్దతో దూరంగా నిలబడి ఏదో మాట్లాడుతున్నాడు. నా ఫోన్ ఇక్కడ వదిలేసి, ఊరంతా వీడిని మెచ్చుకుంటుంటే వింటున్నాడన్నమాట అనుకున్నాను. మడిలో ఫోన్ ముట్టకూడదు. తెలుసు. ముట్టాను. అది నా ఫోను, నాకు కావాలి, అంతే.

నర్సంపేట నుంచి మా చిన్నాయిన కొడుకు.

"అన్నా, తొర్రూరు పెద్దనాయిన పోయిండు గద. తెల్లారగట్లనట. మేం ఎల్లినం. మీరెన్ని గంటలకు వస్తాన్రు?"

ఇంకేదో చెప్పబోతున్నాడు. నేను పెట్టేశాను.

తొర్రూరు పెద్దనాయిన మా బాపుకి తాతల నాటి అన్న వరస. మాకు పది రోజుల మైల. ఆయన ఎప్పుడో మా గుడికి వచ్చి నా పూజ చూసి, "నీ చెయ్యి నిదానం బిడ్డా, అమ్మవారికి నిదానమంటే ఇష్టం" అన్నాడు. నా పూజను మెచ్చుకున్న మనిషి నాకు తెలిసి ఆయనొక్కడే. ఆయన పోయాడంటే నాకు ఏడుపు రావాలి. రాలేదు. నాకు వచ్చింది ఒకటే ఆలోచన. నేను విన్నాను, నాకు మైల వచ్చేసింది, కానీ వాడు వినలేదు. ఇంకో గంట నేను నోరు మూసుకుంటే వాడి చేతికి కంకణం పడుతుంది. పడ్డాక ఎవరు చెప్పినా వాడికి ఫికరు లేదు. మూడో రోజు అమ్మవారి కళ్లు తెరుస్తాడు. నేను గరిటె కూడా పట్టుకోకుండా, గడప అవతల నిలబడి చూడాలి.

నోరు మూసుకోవడం తప్పు కాదు. బాపు చెప్పిన నియమంలోనే అది ఉంది. వినని వాడికి మైల లేదు. చిన్నప్పుడు వాడు నా జీడిపప్పు సంగతి దాచినట్టు, నేను ఈ కబురు దాస్తే చాలు. నా చెవిన పడింది నాలోనే ఉంచుకుని, ఒంట్లో బాగాలేదని ఇంటికి పోతే చాలు. అదంతా నేను ఆలోచించాను. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

పందిరి దగ్గరికి నడిచి, గుంజ ఇవతలే ఆగి, అందరికీ వినబడేలా చెప్పాను.

"మా తొర్రూరు పెద్దనాయిన పోయిండు. మా అన్నదమ్ములకు మైల."

ముగ్గులు వేసేవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఎవరూ అయ్యో అనలేదు, ఎప్పుడు అని అడగలేదు. అది నాకు వింతగా తోచింది. ఆచార్యులు పేనుతున్న పసుపు దారాన్ని ఒళ్లో పెట్టుకుని నా వంక చూశాడు.

"ఎవరు చెప్పిన్రు నాయనా నీకు? ఇది నీ కంకణమే. నీ కోసమే పేనిన."

నాకు ఆ మాట వెంటనే తలకెక్కలేదు. సందు మలుపులోంచి తమ్ముడు వచ్చాడు. పందిరికి అవతలే ఆగాడు.

"నాకు ఐదింటికే ఫోన్ వచ్చింది అన్నయ్యా. నాకు ఎట్లయినా మైల వచ్చేసింది. నీ చెవున పడకుంటే నీకు మైల లేదు గద. ఆచార్యులకు చెప్పిన, కమిటీకి చెప్పిన, వదినకు చెప్పిన. నీకు మాత్రం ఎవ్వరు చెప్పొద్దన్న. అందుకే ఫోన్ తీసుకున్న. అమ్మవారి కండ్లు నువ్వే తెరిపిస్తవనుకున్న."

కమిటీ పెద్ద అరుగు మీద కూలబడి, "నర్సంపేటోల్లకు చెప్పుడు మర్సిపోయినం" అని తల పట్టుకున్నాడు. నేను నా చేతిలో ఉన్న ఫోన్ వైపు చూసుకున్నాను. వాడు వెనక్కి వేసిన రెండడుగులు నా మడి కాపాడటానికి. ఆ అడుగులకే నేను మండిపడి, ముట్టకూడని ఫోన్ ముట్టాను. నా నోటి దగ్గరికి వచ్చినదాన్ని నా చేత్తోనే కింద పడేసుకున్నాను.

ఆచార్యుల శిష్యుడొకడు ఆ కంకణం కట్టుకున్నాడు. మాకు పేరు కూడా సరిగా తెలియని మనిషి. ఎనిమిదిన్నరకు పందిట్లో మంత్రాలు మొదలయ్యేసరికి మేమిద్దరం తొర్రూరు దారిలో ఉన్నాం. బండి వాడే నడిపాడు. వెనక కూర్చుని నేను వాడి భుజం పట్టుకున్నాను. ఇక పట్టుకోవచ్చు, ఇద్దరం మైలలోనే ఉన్నాం. రోడ్డుకి రెండు పక్కలా పత్తి చేలు. ఊరు దాటాక నాకు ఏడుపొచ్చింది. పెద్దనాయిన కోసమని వాడనుకోవాలని గట్టిగానే ఏడ్చాను.

వాడు అనుకున్నాడో లేదో తెలియదు. ఎందుకంటే వాడికి ఒక విషయం తెలుసు, మా ఇద్దరికి తప్ప ఆ పందిట్లో ఎవరికీ తట్టని విషయం. వాడికి కబురు అందలేదని నేను అనుకున్నాను. అలా అనుకునే, కంకణం పడకముందే, అంత గట్టిగా చెప్పాను. వాడిని తప్పించడానికి కాకపోతే నేను అలా చెప్పాల్సిన పని లేదు. మా బాపు చెప్పిన నియమాలు నాకెంత తెలుసో వాడికీ అంతే తెలుసు. "అన్నయ్యా, నాకు తెల్వదనుకొని చెప్పినవా?" అని ఒక్క మాట అడిగితే నేను చచ్చిపోయేవాణ్ని. తొర్రూరు దాకా అడగలేదు. పది రోజులు ఒకే చాప మీద కూర్చున్నాం, అడగలేదు. మూడేళ్లయింది, అడగలేదు.

వాడకట్టు వాళ్లకి మాత్రం నా మీద గౌరవం పెరిగింది. ఫోన్లో విన్నది విన్నట్టు చెప్పేశాడు, కంకణం కోసం దాచుకోలేదు, నియమమంటే పెద్దయ్యగారిదే అంటున్నారు. హారతి పళ్లెం ముందు నన్ను భరించిన ముసలమ్మ ఇప్పుడు నా నెలలోనే వస్తోంది. పోయిన నెల నా వంతులో చీర కట్టడానికి సాయం వచ్చిన మా తమ్ముడితో, నా ముందే, "మీ అన్నలెక్క సత్తెం చెప్పెటోల్లు ఉంటరా ఈ కాలంల?" అంది. వాడు అమ్మవారి కుచ్చిళ్లు సర్దుతూ, వెనక్కి తిరగకుండానే, "ఉండరమ్మా" అన్నాడు.

ఆ కుచ్చిళ్లు ఎప్పటిలాగే ఒద్దికగా ఉన్నాయి. ఎవరో తెరిచిన కళ్లతో అమ్మవారు మా ఇద్దరినీ చూస్తోంది. చిన్నప్పటి నుంచీ వాడి చేతుల మీద కుళ్లుకున్నాను. ఇప్పుడు వాడి నోటి మీద కుళ్లుకుంటున్నాను. అది మూసుకుని ఉండగలదు.

వాడి మీద నేను చెప్పిన చాడీలన్నీ నిజాలే అన్నాను కదా. ఇదీ నిజమే. నా మీద చెప్పింది ఇదే మొదటిది.